దసరాకి బిగించి... ఉగాదికి విప్పి!

సింగూరు కాలువ కింద పొలం దున్నే రైతుకు తెలిసిన కిటుకే డెట్రాయిట్‌ మంచులో స్పోర్ట్స్‌ కారు నడిపే కుర్రాడికీ కావాలి. బండి మార్చక్కర్లేదు. కాలాన్నిబట్టి చక్రం మారిస్తే చాలు. పిల్లలు విదేశాల్లో ఉన్న ప్రతి ఇంటికీ పనికొచ్చే టైర్ల ముచ్చట ఇది.

నాట్లకు ముందు సింగూరు కాలువ కింద ఏ ఊళ్లో చూసినా ఒకటే సందడి. నీళ్లు పెట్టిన మడిలోకి ట్రాక్టర్‌ దిగుతుంది. దిగేముందు రైతు దాని వెనక చక్రాలకు ఇనుప కేజ్‌ వీల్స్‌ బిగిస్తాడు. మామూలు టైరుతో దిగితే అది బురదలో ఉన్నచోటే తిరుగుతుంది తప్ప బండి సాగదు మరి. దమ్ము పూర్తయ్యాక వాటిని విప్పేస్తాడు. ఆ ఇనుప చక్రాలతోనే తారురోడ్డెక్కితే రోడ్డు చెడుతుంది, జరిమానా పడుతుంది.

ఇంజిన్‌ అదే. నడిపే మనిషీ అతనే. మారిందల్లా నేలను తాకే చక్రం!

పొలంలో ఇంత తేలిగ్గా అర్థమయ్యే సంగతి... మంచు కురిసే దేశాల్లో, అందునా లక్షలు పోసి కొన్న స్పోర్ట్స్‌ కారు విషయంలో చాలామందికి తట్టదు. 'నాలుగొందల గుర్రాల శక్తి ఉన్న బండి... కాస్త మంచుకు ఆగిపోతుందా?' అనుకుంటారు. ఆగిపోతే ఫర్వాలేదు. అది ఆగకపోవడమే అసలు ప్రమాదం!

ముంబయి హైవే మీద మొదలై...

టైర్లకీ సంగారెడ్డికీ పాత చుట్టరికమే. పటాన్‌చెరు దాటి ముంబయి హైవే మీద పడమరగా వెళ్తే సదాశివపేట. అక్కడా, పక్కనున్న అంకెన్‌పల్లిలోనూ ఎమ్మారెఫ్‌ టైర్ల కర్మాగారాలున్నాయి. ఇంకాస్త ముందుకెళ్తే జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ. పటాన్‌చెరు, రామచంద్రాపురం, సంగారెడ్డి పారిశ్రామికవాడల్లో షిఫ్టులు చేసి పిల్లల్ని చదివించిన కుటుంబాలు ఎన్నో. ఆ పిల్లల్లో చాలామంది ఇప్పుడు మిషిగన్‌లోనో మ్యూనిక్‌లోనో టొరంటోలోనో ఉన్నారు.

అమెరికా కార్ల పరిశ్రమకు పుట్టిల్లయిన డెట్రాయిట్‌ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారంటే... తానా 2025 జులైలో తన మహాసభల్ని ఆ పక్కనే ఉన్న నోవై పట్టణంలో జరుపుకొంది. అదే మిషిగన్‌ రాష్ట్రంలోని ఫ్లాట్‌ రాక్‌లో తయారవుతుంది ఫోర్డ్‌ మస్టాంగ్‌. కుర్రకారు కలల బండి. కొత్తది కాకపోయినా సెకండ్‌హ్యాండ్‌లో కొనొచ్చు. ఉద్యోగం రాగానే కొనేది, ఫొటో తీసి అమ్మానాన్నలకు పంపేది అలాంటి బండే.

ఆగస్టులో కొన్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. నవంబరు వస్తుంది. ఓ రాత్రి తెల్లగా మంచు కురుస్తుంది. పొద్దున్నే ఆఫీసుకని తాళం తిప్పి యాక్సిలరేటర్‌ మీద కాలు వేస్తే... వెనక చక్రాలు గిర్రున తిరుగుతాయి. బండి ముందుకెళ్లాల్సింది పోయి పక్కకు తిరిగిపోతుంది. అది పార్కింగ్‌లో జరిగితే నవ్వుకోవచ్చు. హైవే మీద జరిగితే?

మంచు, ఐసు పేరుకున్న రోడ్ల మీద జరిగే ప్రమాదాల్లో అమెరికాలో ఏడాదికి సగటున 1,300 మందికి పైగా చనిపోతున్నారని అక్కడి ఫెడరల్‌ హైవే అడ్మినిస్ట్రేషన్‌ లెక్కగట్టింది. గాయపడేవాళ్ల సంఖ్య లక్ష పైమాటే. అలాంటి వార్త పేపర్లో కనిపించిన రోజున ఇక్కడ ఎన్ని ఇళ్లలో ఫోన్లు మోగుతాయో చెప్పక్కర్లేదు.

కొబ్బరినూనె చెప్పే పాఠం

ఇంట్లో కొబ్బరినూనె సీసా గుర్తుందా? ఎండాకాలంలో నీళ్లలా జారుతుంది. చలికాలం రాగానే గడ్డకట్టి సీసాను పట్టుకుని కూర్చుంటుంది. నూనె మారలేదు, వాతావరణం మారిందంతే. రబ్బరూ అంతే. గడ్డకట్టదుగానీ చలికి బిరుసెక్కుతుంది.

టైరు రోడ్డును పట్టుకునేది ప్రధానంగా తన మెత్తదనంతో. రోడ్డు పైకి నున్నగా కనిపించినా దాని మీద కంటికి కనిపించనన్ని గరుకులుంటాయి. మెత్తటి రబ్బరు ఆ గరుకుల్లోకి సర్దుకుని వాటిని పట్టుకుంటుంది. రబ్బరు బిరుసెక్కిందంటే గరుకుల మీదుగా జారిపోతుంది.

స్పోర్ట్స్‌ కార్లకు సాధారణంగా వచ్చేవి వేసవి టైర్లు. 'సమ్మర్‌ పెర్ఫార్మెన్స్‌' అంటారు. వేడెక్కిన రోడ్డు మీద వాటి పట్టుకు తిరుగులేదు. వానలోనూ బాగానే పనిచేస్తాయి. కానీ ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి దిగిందంటే వాటి పస తగ్గడం మొదలవుతుందన్నది టైర్ల పరిశ్రమ చెప్పే మోటు లెక్క. 7 డిగ్రీలంటే మనకు తెలియని చలేం కాదు. సంగారెడ్డి జిల్లా కోహిర్‌లో చలి ముదిరిన తెల్లవారుజామున అంతకంటే కిందికి పడిపోయిన రోజులున్నాయి. అయితే కోహిర్‌లో పొద్దెక్కితే ఎండ కాస్తుంది. మిషిగన్‌లో ఆ చలి నెలల తరబడి కదలదు. సున్నా దాటి మైనస్‌లోకి వెళ్తుంది. మరీ చలిలో కొన్ని రకాల వేసవి టైర్లు పగుళ్లిస్తాయి కూడా. అందుకే రేసుల తరహా టైర్లు తయారుచేసే కంపెనీలు, గడ్డకట్టే చలిలో ఆ టైర్లతో బండిని కదిలించవద్దని ముందే హెచ్చరిస్తాయి.

చలికాలపు టైరు కథే వేరు. దాని రబ్బరు మిశ్రమంలో సిలికా ఎక్కువగా కలుపుతారు. చలిలోనూ మెత్తగా ఉండే రబ్బర్లు ఎంచుకుంటారు. గాడులు లోతుగా ఉంటాయి. ఒక్కో దిమ్మె మీదా బ్లేడుతో కోసినట్లు వందలకొద్దీ సన్నటి చీలికలుంటాయి. చక్రం దొర్లుతున్నప్పుడు ఆ చీలికలు తెరుచుకుని మంచును కరిచి పట్టుకుంటాయి. గాడుల్లో ఇరుక్కున్న మంచు కూడా పనిచేస్తుంది. ఉండ చుట్టినప్పుడు మంచుకు మంచు ఎలా అతుక్కుంటుందో... గాడిలోని మంచు రోడ్డు మీది మంచును అలాగే పట్టుకుంటుంది.

అందమే శాపం

మామూలు కారుకంటే స్పోర్ట్స్‌ కారుకు మంచులో కష్టాలెందుకు ఎక్కువ? దానికి అందాన్నిచ్చేవే కారణాలు.

మొదటిది... వెడల్పాటి టైర్లు. పొడి రోడ్డు మీద వెడల్పు మంచిదే. మంచులో మాత్రం బరువు ఎక్కువ చోటుకు పరుచుకుపోయి, టైరు మంచు మీద తేలినట్లవుతుంది. సన్నటి టైరు అదే మంచును కోసుకుంటూ కిందికి దిగుతుంది.

రెండోది... వెనక చక్రాలకు శక్తి అందే ఏర్పాటు. ఇంజిన్‌ బరువు ముందు, తోసే చక్రాలు వెనక. తోసే చక్రాల మీద బరువు తక్కువైతే పట్టూ తక్కువే.

మూడోది... కాలు తగలగానే ఉరికే ఇంజిన్‌. మంచు మీద చక్రం జారడానికి కొద్దిపాటి శక్తి చాలు. స్పోర్ట్స్‌ కారులో 'కొద్దిపాటి' అన్నమాటే ఉండదాయె!

నాలుగోది... నేలకు ఆనినట్లుండే ఎత్తు. అరడుగు మంచు పడితే బండి పొట్ట దాని మీద కూర్చుంటుంది. చక్రాలు గాల్లో తిరుగుతాయి. దీనికి టైరు కూడా మందు కాదు. రోడ్డు శుభ్రం చేసేదాకా ఇంట్లో కూర్చోవడమే మార్గం.

మొదటి మూడింటికీ చాలావరకూ పరిష్కారం మంచి చలికాలపు టైరే.

కదలడం కాదు... ఆగడం!

'మా బండి ఆల్‌ వీల్‌ డ్రైవ్‌. నాలుగు చక్రాలూ తిరుగుతాయి. ఇంకేం భయం?' చలిదేశాల్లో తరచూ వినిపించే మాట ఇది. నిజమే, నాలుగు చక్రాలూ తిరిగితే బండి మంచులోంచి తేలిగ్గా కదులుతుంది. కానీ బ్రేకు వేసినప్పుడు? ఏ కారుకైనా బ్రేకు పడేది నాలుగు చక్రాలకే. అక్కడ ఆల్‌ వీల్‌ డ్రైవ్‌కు ప్రత్యేకమైన గొప్పేమీ లేదు. పైగా బండి ఇట్టే వేగం అందుకోవడంతో రోడ్డు బాగానే ఉందన్న భ్రమ కలుగుతుంది. మలుపు దగ్గరో సిగ్నల్‌ దగ్గరో ఆ భ్రమ తొలగిపోతుంది.

చిన్న లెక్క వేద్దాం. కారు గంటకు 50 కి.మీ. వేగంతో వెళ్తోంది. పొడి తారురోడ్డు మీద టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టు 0.8 అనుకుంటే, బ్రేకు పడ్డాక బండి 12 మీటర్లలో ఆగుతుంది. నలిగిన మంచు మీద చలికాలపు టైరుకు ఆ పట్టు 0.3 అనుకుందాం. 33 మీటర్లు పడుతుంది. అదే మంచు మీద బిరుసెక్కిన వేసవి టైరుకు 0.15 ఉందనుకుంటే 66 మీటర్లు! అంటే మొదటి బండి పూర్తిగా ఆగిన చోట, రెండో బండి ఇంకా గంటకు 35 కి.మీ. వేగంతో దూసుకుపోతూ ఉంటుంది. ఆ చోట రోడ్డు దాటుతున్న పసివాడున్నాడా, ముందు ఆగిన బస్సుందా అన్నది ఊహించుకోవాల్సిందే.

వేగం రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలవుతుంది. ఇక నున్నగా గడ్డకట్టిన ఐసు మీద పట్టు 0.1 దాకా పడిపోతుంది. అప్పుడు 50 కి.మీ. వేగానికి దాదాపు 100 మీటర్లు కావాలి. ఏబీఎస్‌, స్టెబిలిటీ కంట్రోల్‌ లాంటి ఏర్పాట్లన్నీ ఉన్న పట్టును పొదుపుగా వాడుకుంటాయి. లేని పట్టును పుట్టించలేవు. ఎంత ఖరీదైన కారైనా రోడ్డును తాకేది నాలుగు అరచేతులంత చోటే. ప్రాణం ఉండేది ఆ అరచేతుల్లోనే!

ఫోన్ల నోకియా... టైర్ల నోకియన్‌

మంచుకోసం ప్రత్యేకంగా టైరు చేయాలన్న ఆలోచన ఫిన్లండ్‌ది. అక్కడి నోకియా అనే ఊళ్లోని రబ్బరు కర్మాగారం 1934లో లారీల కోసం చలికాలపు టైరు తెచ్చింది. రెండేళ్ల తర్వాత 1936లో కార్లకు 'హక్కపెలీటా' వచ్చింది. ఆ పేరుతో టైర్లు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి.

నోకియా అంటే మనకు గుర్తొచ్చేది ఒకప్పటి సెల్‌ఫోనేగా! రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవే. ఫిన్లండ్‌ రబ్బరు కంపెనీ, కేబుల్‌ కంపెనీ, కాగితం తయారుచేసే నోకియా 1967లో ఒకటయ్యాయి. 1988లో టైర్ల వ్యాపారం వేరుపడి నోకియన్‌ టైర్స్‌ అయింది. ఫోన్ల కంపెనీ తన దారిన తాను ప్రపంచమంతా తిరిగొచ్చింది.

చలికాలపు టైరు అంటే నెమ్మదిగా నడిచే బండ్లకే అనుకునేవాళ్లకు ఆ కంపెనీయే ఓ సమాధానం చెప్పింది. 2013లో గడ్డకట్టిన సముద్రం మీద మేకుల టైర్లు వేసిన ఆడి ఆర్‌ఎస్‌6 కారును గంటకు 335.713 కి.మీ. వేగంతో నడిపించి రికార్డు కొట్టింది. స్పోర్ట్స్‌ కారుకూ మంచుకూ శత్రుత్వం లేదనడానికి ఇంతకంటే ఏం కావాలి? అలాగని అది ఆఫీసుకెళ్లే దారిలో చేయాల్సిన విన్యాసం కాదు. ఎదురుగా ఎవరూ రాని కిలోమీటర్ల కొద్దీ ఐసు మీద, తర్ఫీదు పొందిన డ్రైవరు చేసిన పని.

మేకుల టైర్లూ అన్నిచోట్లా చెల్లవు. అవి రోడ్లను తినేస్తాయని జర్మనీ 1975లోనే నిషేధించింది. అచ్చం మన కేజ్‌ వీల్స్‌ గొడవే! అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నిబంధన.

మన గడ్డకూ ఈ చలి టైర్లతో కాస్త బంధుత్వం ఉంది. తిరుపతి జిల్లా చినపాండూరులో 2020లో ఉత్పత్తి మొదలుపెట్టిన అపోలో టైర్స్‌, అంతకుముందే 2009లో నెదర్లాండ్స్‌కు చెందిన వ్రెడెస్టీన్‌ను కొనుక్కుంది. చలికాలపు టైర్లకు యూరప్‌లో పేరున్న బ్రాండ్లలో అదొకటి.

కొండ బొమ్మ ఉందా?

టైరు పక్క గోడ మీద రకరకాల అక్షరాలుంటాయి. చలికాలానికి సంబంధించి చూడాల్సినవి రెండు. ఒకటి 'ఎం ప్లస్‌ ఎస్‌'. బురదకూ మంచుకూ అని దాని అర్థం. అది గాడుల తీరును బట్టి కంపెనీ వేసుకునే ముద్ర మాత్రమే. రెండోది మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు ఉన్న బొమ్మ. మంచు మీద పరీక్షించి నెగ్గిన టైరుకే ఈ బొమ్మ దక్కుతుంది. అమెరికా, కెనడా టైర్ల పరిశ్రమ 1999లో దీన్ని తెచ్చింది.

అమెరికాలో ఎక్కువ కార్లకు వచ్చే 'ఆల్‌ సీజన్‌' టైర్ల మీద ఎం ప్లస్‌ ఎస్‌ ఉంటుంది. దాన్ని చూసి 'అన్ని కాలాలకూ పనికొస్తుంది' అని ధీమా పడేవాళ్లే ఎక్కువ. కాస్త చలికి, పలుచటి మంచుకు ఫర్వాలేదుగానీ గట్టి మంచు పడే చోట అవి అంతంతమాత్రమే. ఇటీవల కొండ బొమ్మ ఉన్న 'ఆల్‌ వెదర్‌' టైర్లూ దొరుకుతున్నాయి. ఎప్పుడో ఓసారి మంచు పడే ఊళ్లకు అవి మధ్యే మార్గం.

చట్టాలూ ఆ బొమ్మ చుట్టూనే తిరుగుతున్నాయి. జర్మనీలో మంచు, ఐసు ఉన్న రోడ్డెక్కాలంటే చలికాలపు టైర్లు తప్పనిసరి. 2024 అక్టోబరు 1 నుంచి కొండ బొమ్మ ఉన్నవే అక్కడ లెక్కలోకి వస్తున్నాయి. లేకపోతే 60 యూరోల జరిమానా, లైసెన్సు ఖాతాలో ఓ పాయింటు. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా మంచు ఉన్నా లేకున్నా వేసుకోవాల్సిందే. పక్కనే ఉన్న ఒంటారియోలో బలవంతం లేదు. కానీ ఆ టైర్లు వేసుకున్నవాళ్లకు బీమా కంపెనీలు ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలని 2016 జనవరి నుంచి నిబంధన ఉంది. అమెరికాలో దేశమంతటికీ ఒకే చట్టం లేదు. కొలరాడో లాంటి కొండ ప్రాంతాల్లో నిబంధనలున్నాయి. మిగతా చోట్ల ఎవరి జాగ్రత్త వాళ్లదే.

రెండు జతలా... ఖర్చు కాదా?

మధ్యతరగతి ఇంట్లో పుట్టినవాళ్లకు వెంటనే వచ్చే సందేహం ఇది. 'ఉన్న టైర్లు కొత్తగా ఉండగా ఇంకో నాలుగు కొనాలా?'

లెక్క చూస్తే అంత భారం కాదు. చలికాలపు టైర్లు తిరిగే నెలల్లో వేసవి టైర్లు ఇంట్లో విశ్రాంతి తీసుకుంటాయి. ఒకదాని అరుగుదల రెండోదానికి మిగులుతుంది. అంటే ఖర్చు రెండింతలు కాదు... వచ్చే రెండు మూడేళ్లలో పెట్టాల్సినది ముందుగా పెట్టడం. పదేపదే టైరు ఊడదీసి ఎక్కించే కూలి లేకుండా, చలికాలపు టైర్లను విడి రిమ్ములకు బిగించి పెట్టుకునేవాళ్లూ చాలామంది.

స్పోర్ట్స్‌ కారు సొంతదారుకు అందులో మరో లాభం ఉంది. కారుతో వచ్చిన పెద్ద రిమ్ముకు బదులు, బ్రేకులకు తగలనంత మేరకు ఓ అంగుళం చిన్న రిమ్ము, దానికి తగ్గ సన్నటి టైరు వేసుకోవచ్చు. టైరు పక్క గోడ ఎత్తుగా ఉంటుంది కాబట్టి మంచు కింద దాగిన గుంతలో పడ్డా రిమ్ము వంగే ప్రమాదం తక్కువ. ధర కూడా తక్కువే. ఏ కొలతలు సరిపోతాయో కారు మాన్యువల్‌లో రాసి ఉంటుంది. సొంత తెలివి మాత్రం వద్దు.

అసలు పేచీ ఎక్కడంటే... నాలుగు బదులు రెండు కొనడం. 'తోసేవి వెనక చక్రాలేగా, వాటికి వేస్తే చాలదా?' చాలదు. అప్పుడు వెనక పట్టు ఉండి ముందు ఉండదు. స్టీరింగు తిప్పినా బండి తిన్నగానే పోతుంది. ముందు మాత్రమే వేస్తే బ్రేకు పడగానే వెనక భాగం తిరిగిపోతుంది. వేస్తే నాలుగూ వేయాలి. ఒకే రకానివి వేయాలి.

ఎప్పుడు వేయాలన్నదానికి జర్మన్లకో గుర్తు ఉంది. అక్టోబరు నుంచి ఈస్టర్‌ దాకా అని. వాళ్ల భాషలో రెండు పేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. మన పిల్లలకు అంతకంటే తేలికైన గుర్తు ఇంట్లోనే ఉంది. దసరా వెళ్లగానే బిగించడం, ఉగాది పచ్చడి తిన్నాక విప్పడం! ఉగాది దాటినా మంచు కురుస్తుంటే మాత్రం నాలుగు రోజులు ఆగాలి. మొదటి మంచు పడేదాకా చూద్దామనుకుంటే ఆ రోజున టైర్ల దుకాణం ముందు ఊరంతా నిలబడి ఉంటుంది.

మనాలి వెళ్లేవాళ్లకు...

మంచు చూడాలంటే అమెరికాయే వెళ్లక్కర్లేదు. 2020 అక్టోబరులో 9.02 కిలోమీటర్ల అటల్‌ సొరంగం తెరుచుకున్నాక మనాలి నుంచి లాహౌల్‌ లోయకు దారి సుళువైంది. డిసెంబరు సెలవులకు హైదరాబాద్‌ నుంచి వెళ్లే కుటుంబాలకూ కొదవ లేదు. గట్టిగా మంచు పడ్డప్పుడు ఆ దారిలో ఫోర్‌ బై ఫోర్‌ వాహనాలనే, చక్రాలకు గొలుసులు చుట్టినవాటినే పోలీసులు వదులుతుంటారు. మన మైదానాల టైర్లతో అక్కడ సాహసం చేయడంకంటే అలవాటున్న స్థానిక డ్రైవరు బండి మాట్లాడుకోవడం మేలు. గొలుసులు మంచు ఉన్నంతవరకే. తారు కనిపించగానే విప్పేయాలి. మళ్లీ అదే కేజ్‌ వీల్స్‌ సూత్రం!

మరి అంత మంచి చలికాలపు టైర్లు మన దగ్గర వేసుకుంటే? వద్దు. సంగారెడ్డిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రోడ్డు అంతకంటే కాలుతుంది. చలికోసం మెత్తగా చేసిన రబ్బరు ఆ వేడికి మరీ మెత్తబడి గబగబా అరిగిపోతుంది. ముత్తంగి దగ్గర ఔటర్‌ రింగు రోడ్డెక్కి వేగం అందుకున్నప్పుడు మలుపులో నిలకడ ఉండదు. బ్రేకు దూరం పెరుగుతుంది.

మనకు మంచు లేకపోయినా వాన ఉంది. టైరు గాడి 1.6 మి.మీ. కంటే తక్కువకు అరిగితే ఆ కారు మన చట్టం ప్రకారం రోడ్డెక్కకూడదు. అంతగా అరిగిన టైరు వాన నీటిని పక్కకు తోయలేదు, నీటి మీద తేలుతుంది. అప్పుడు పటాన్‌చెరు రోడ్డయినా డెట్రాయిట్‌ రోడ్డయినా ఒకటే.

బండి తీసేముందు...

* చలికి టైర్లలో గాలి తగ్గుతుంది. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడితే దాదాపు ఒక పీఎస్‌ఐ పోతుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలిచి నింపాలి.

* చట్టం 1.6 మి.మీ. అన్నా, చలికాలపు టైరు గాడి 4 మి.మీ.కు అరిగితే మార్చేయమంటారు నిపుణులు. మంచును పట్టుకునేది ఆ లోతే.

* పాత టైర్లు చవగ్గా వస్తున్నాయని కొనేముందు పక్క గోడ మీద డీఓటీ అంకెల్లో చివరి నాలుగూ చూడాలి. 3823 అని ఉంటే 2023లో 38వ వారంలో తయారైందని అర్థం.

* చలికాలపు టైర్లకు వేగ పరిమితి తక్కువ ఉండొచ్చు. క్యూ అక్షరం ఉంటే గంటకు 160 కి.మీ., హెచ్‌ ఉంటే 210. స్పోర్ట్స్‌ కారు అంతకంటే వేగంగా పోగలదేమో... టైరు పోలేదు. జర్మనీలో అయితే ఆ పరిమితిని డ్రైవరుకు కనిపించేలా స్టిక్కరు అంటించాలి.

* వంతెనలు ముందుగా గడ్డకడతాయి. తడిగా నల్లగా మెరిసే రోడ్డు తడి కాకపోవచ్చు, ఐసు కావచ్చు.

* బండి జారితే బెదిరి స్టీరింగు గట్టిగా తిప్పకూడదు. యాక్సిలరేటర్‌ మీంచి కాలు మెల్లగా తీసి, వెళ్లాల్సిన వైపు చూస్తూ నెమ్మదిగా అటే తిప్పాలి. ఏబీఎస్‌ ఉన్న బండిలో ఆపాల్సి వస్తే బ్రేకు నొక్కి పట్టుకోవాలి. పెడల్‌ అదిరితే అది పనిచేస్తోందని గుర్తు.

* విప్పిన టైర్లను ఎండ తగలని చల్లటి చోట దాచాలి. ఏది ఏ చక్రానిదో సుద్దతో రాసుకుంటే మరుసటి ఏడాది తికమక ఉండదు.

పిల్లలు కొత్త కారు ఫొటో పంపితే ఇంట్లో అందరూ రంగు బాగుందంటారు, ఎంతైందని అడుగుతారు, నిమ్మకాయలు తొక్కించావా అని గుర్తుచేస్తారు. ఆ నిమ్మకాయలు పెట్టేది కూడా టైర్ల కిందే కదా! కాబట్టి ఈసారి దసరా శుభాకాంక్షలు చెప్పడానికి ఫోన్‌ చేసినప్పుడు 'అన్నం తిన్నావా?' తర్వాత ఇంకో ప్రశ్న కూడా అడగండి. 'టైర్లు మార్చావా నాన్నా?' అని. ఆదివారం వెళ్తానని అంటే... సోమవారం మళ్లీ ఫోన్‌ చేయండి.